సూపర్నోవాకి ఊరి తరుగు

“టైప్ 1ఏ సూపర్నోవాలన్నీ ఒకే వాటేజీ బల్బులు. వెలుగ్గా కనిపిస్తే దగ్గరున్నట్టు, మసగ్గా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు. అంతే!”

తెలుగులో విశ్వం గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగి, మీసం దువ్వుకుని, ముందుకు సాగిపోతారు. యూట్యూబు మాష్టార్లూ అంతే. చెప్పడానికి సులువు, వినడానికి హాయి. ఒక్కటే ఇబ్బంది. అది నిజం కాదు.

పిల్లలకి అర్థమవడానికి చెప్పే చిన్న అబద్ధం కదా, పోనిద్దురూ అంటారేమో. పోనివ్వను. ఎందుకంటే ఆ చిన్న అబద్ధానికి వడ్డీతో సహా కట్టాల్సిన రోజు 2025 నవంబరులో వచ్చింది. కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయం నుంచి యంగ్-ఊక్ లీ బృందం బ్రిటన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పేలిన నక్షత్రం వయసుని బట్టి సూపర్నోవా వెలుగు మారుతోందనీ, ఆ తేడాని సరిచేస్తే విశ్వం విస్తరించే వేగం ఇప్పుడు పెరగడం లేదు, తగ్గడం మొదలైనట్టుందనీ అందులోని సారాంశం.

ఇహ చూడండి. తెల్లారేసరికి ఫోన్ల నిండా ఒకటే గోల. “డార్క్ ఎనర్జీ తుస్సు! 2011 నోబెల్ ఉత్తదే!” మా చుట్టాల వాట్సాప్ గుంపులో అయితే ఇంకో మెట్టు ఎక్కి, “మీ సైన్సు పూటకో మాట మారుస్తుంది, అందుకే మన పెద్దలు చెప్పిందే వినాలి” అని తీర్పు కూడా ఇచ్చేశారు. దానికి జవాబుగా బయల్దేరిన సైన్సు వీరాభిమానులేమో, “నోబెల్ వచ్చినదాన్ని ప్రశ్నించేవాడికి బుర్ర లేదు” అని తేల్చేశారు. కొరియా వాళ్ళు ఏం రాశారో ఈ రెండు మూకల్లోనూ చదివినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

నా వాదన ఇదీ: ఈ రెండు మూకలూ ఒకే చెట్టు కాయలు. ఆ చెట్టు పేరే “ఒకే వాటేజీ బల్బు”. బల్బులన్నీ ఒకటే అని నేర్పించారు కాబట్టే, కాదని తెలిసిన రోజున ఒకడు మోసమని అరుస్తాడు, ఇంకొకడు కళ్ళు మూసుకుని భజన చేస్తాడు. మొదట్లోనే అసలు సంగతి చెప్పి ఉంటే ఇద్దరికీ ఈ శ్రమ ఉండేది కాదు.

సరే, అసలు సంగతి ఏంటో చూద్దాం.

సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక కుంచించుకుపోయి, కార్బనూ ఆక్సిజనూ కలిసిన గట్టి ముద్దగా మిగులుతుంది. దాన్నే తెల్ల మరుగుజ్జు అంటారు. దాని బరువు సూర్యుడి బరువుకి సుమారు 1.4 రెట్లు దాటితే తనని తాను మోసుకోలేదని 1930లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఓడలో ఇంగ్లండు పోతూ లెక్క కట్టాడు. ఇక్కడిదాకా అందరూ బాగానే చెబుతారు. తర్వాత గెంతుతారు. “ప్రతి తెల్ల మరుగుజ్జూ సరిగ్గా ఈ బరువు దగ్గరే పేలుతుంది, కాబట్టి అన్నీ ఒకే వెలుగు” అని.

అయ్యా, బరువు ఒకటైనంత మాత్రాన వెలుగు ఒకటవదు. సూపర్నోవా వెలుగంతా పేలుడులో తయారైన నికెల్-56 అనే రేడియోధార్మిక లోహం నుంచి వస్తుంది. అది 6 రోజుల అర్ధాయుష్షుతో కోబాల్టుగానూ, అది 77 రోజుల అర్ధాయుష్షుతో ఇనుముగానూ మారుతూ వేడి పుట్టిస్తుంది. ఆ నికెల్ ఎంత తయారైందన్నది ఒక్కో పేలుడుకీ ఒక్కో రకం. ఒకదానిలో సూర్యుడి బరువులో పదోవంతు, ఇంకోదానిలో ముప్పాతిక పైన. పైగా 1.4 దాకా చేరకుండానే పేలేవి ఉన్నాయనీ, రెండు మరుగుజ్జులు ఢీకొని పేలేవి ఉన్నాయనీ బలమైన వాదనలున్నాయి. “ఒకే బల్బు” అన్న మాటకి పునాదే లేదు.

ఇది ఇప్పుడు కొత్తగా బయటపడ్డ రహస్యమా? కాదు. అదే నా ఒళ్ళు మండే సంగతి. 1991లోనే రెండు సూపర్నోవాలు దొరికాయి. 1991టి అనేది మామూలు వాటికన్నా బాగా వెలుగు, 1991బిజి అనేది బాగా మసక. ఒకే ఏడాదిలో, ఒకే రకం పేరుతో. 1993లో మార్క్ ఫిలిప్స్ దీనికి ఒక తాళంచెవి కనిపెట్టాడు. ఎక్కువ వెలిగేవి నెమ్మదిగా ఆరతాయి, తక్కువ వెలిగేవి తొందరగా ఆరతాయి. పతాక స్థాయి తర్వాత 15 రోజుల్లో ఎంత తగ్గిందో చూస్తే అసలు వెలుగు ఎంతో చెప్పొచ్చు. ఆ తర్వాత రంగుని బట్టి ఇంకో సవరణ. ఈ రెండూ చేస్తే, చెల్లాచెదురుగా ఉన్న వెలుగులు దగ్గరకొచ్చి, దూరం లెక్కలో ఒక్కో సూపర్నోవాకి 7 శాతం అటూఇటూగా నిలుస్తాయి.

అంటే ఇది బల్బు కాదు, బల్బుకి వేసిన సవరణ. ప్రామాణికంగా పుట్టినది కాదు, ప్రామాణికం చేసుకున్నది. ఈ తేడా చెప్పడానికి ఒక వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం రాయడానికే మనవాళ్ళకి బద్ధకం.

మా పామర్రు వైపు ఎవరిని అడిగినా ఈ తేడా ఇట్టే చెబుతారు. ధాన్యం అమ్మినవాడికి తరుగు అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. కాటా మీద 75 కిలోల బస్తా పెట్టినంత మాత్రాన 75 కిలోలకీ డబ్బు రాదు. తేమ 17 శాతం దాటితే తరుగు. తాలు ఉంటే తరుగు. మిగిలిందే లెక్క. తేమ మిషను పెట్టి చూపించి, ఇంత శాతం వచ్చింది కాబట్టి ఇన్ని కిలోలు తీస్తున్నా అంటే రైతు గొణుక్కుంటూ అయినా ఒప్పుకుంటాడు. కొలిచాడు, కారణం చెప్పాడు, తీశాడు. ఫిలిప్స్ చేసింది సరిగ్గా ఇదే. ఆరిపోయే వేగం కొలిచాడు, దాన్ని బట్టి తరుగు తీశాడు.

కానీ ఇంకో రకం తరుగు ఉంది. ఓ ఏడాది మా ధాన్యానికి తేమ తరుగూ తాలు తరుగూ అన్నీ తీసేశాక, కాటా దగ్గరున్నాయన ఇంకో కిలో కొట్టేశాడు. ఎందుకయ్యా అంటే, “మీ ఊరి ధాన్యం ఆడిస్తే నూక ఎక్కువొస్తదండీ” అన్నాడు. బియ్యం ఆడించి చూశావా అంటే లేదు. ఏ పొలంలో ఎందుకలా వస్తుందో తెలుసా అంటే తెలీదు. అన్ని ఊళ్ళ లెక్కలూ చూస్తే మీ ఊరి వైపు అలా వస్తోంది, అంతే. మా నాన్న ఒకటే అన్నాడు: “తేమకి తియ్యి, తాలుకి తియ్యి. ఊరికి తీసే తరుగేంట్రా?”

ఆ ఊరి తరుగే 2010లో సూపర్నోవాలకీ మొదలైంది.

ఆ ఏడాది పాట్రిక్ కెల్లీ, మార్క్ సలివాన్, హ్యూబర్ట్ లాంపైటిల్ మూడు వేర్వేరు బృందాలతో దాదాపు ఒకే మాట చెప్పారు. ఆరే వేగానికీ రంగుకీ సవరణలు చేసేశాక కూడా, సూపర్నోవా ఏ గెలాక్సీలో పేలిందన్నదాన్ని బట్టి ఇంకో తేడా మిగులుతోంది. బరువైన గెలాక్సీలో పేలినవి సవరణ తర్వాత కాస్త ఎక్కువ వెలుగ్గా, తేలికైన గెలాక్సీలో పేలినవి కాస్త తక్కువ వెలుగ్గా తేలుతున్నాయి. గీత ఎక్కడా అంటే, సుమారు వెయ్యి కోట్ల సూర్యుల బరువు దగ్గర. ఆ గీతకి అటుపక్కా ఇటుపక్కా తేడా 0.06 నుంచి 0.08 మాగ్నిట్యూడ్ దాకా.

ఈ మాగ్నిట్యూడ్ కొలమానం ఎవరిదో తెలిస్తే మా కృష్ణా జిల్లా వాళ్ళు కాస్త గర్వపడొచ్చు. 5 మాగ్నిట్యూడ్లు తేడా ఉంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు తేడా అన్న లెక్కని 1856లో ప్రతిపాదించింది నార్మన్ పాగ్సన్. ఆయనే తర్వాత మద్రాసు వేధశాలకి అధిపతిగా వచ్చి, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన బందరులో నిలబడి చూశాడు. అదే గ్రహణాన్ని జాన్సెన్ గుంటూరులో చూశాడని హీలియం కథ చెప్పేటప్పుడు అందరూ తలుస్తారు గానీ, బందరుకొచ్చిన పాగ్సన్ని ఎవరూ తలవరు. ఇవాళ డార్క్ ఎనర్జీ మీద జరుగుతున్న కొట్లాట మొత్తం ఆయన కొలబద్ద మీద వందో వంతుల్లో జరుగుతోంది. ఆ కొలబద్ద ప్రకారం 0.06 మాగ్నిట్యూడ్ అంటే వెలుగులో 6 శాతానికి కొంచెం తక్కువ, దూరంలో 3 శాతానికి కొంచెం తక్కువ.

ఇక్కడో తమాషా ఉంది. బరువైన ముసలి గెలాక్సీల్లో పేలేవి మామూలుగా చూస్తే మసకవి. తొందరగా ఆరిపోయేవీ అవే. చిలీలో కలాన్-టొలోలో సర్వే చేసిన మారియో హాముయ్ వాళ్ళు 1995-96లోనే, అంటే డార్క్ ఎనర్జీ ఊసు రాకముందే, ఈ సంగతి రాసి పెట్టారు. మసకవి కాబట్టి సవరణ కలుపుతాం. కలిపాక ఉండాల్సినదానికన్నా వెలుగ్గా తేలుతున్నాయి. అంటే మన సవరణే ఎక్కడో కొంచెం ఎక్కువ పోస్తోందన్నమాట. సరే, దానికి ఇంకో సవరణ.

నేను బతికేది కోడు రాసి. ఈ సంగతి చదవగానే నా వృత్తి అలవాటు కొద్దీ కళ్ళ ముందు ఒక వరస మెదిలింది. “గెలాక్సీ బరువు వెయ్యి కోట్లు దాటితే ఇంత తీసెయ్, లేకపోతే ఇంత కలుపు.” ఇలాంటి వరస ఎవరైనా రాసి రివ్యూకి పంపితే అడిగే మొదటి ప్రశ్న, ఈ అంకె ఎక్కడిది? రెండోది, తొమ్మిది వందల తొంభైతొమ్మిది కోట్ల దగ్గర ఒక రకంగానూ వెయ్యిన్నొక్క కోట్ల దగ్గర ఇంకో రకంగానూ ప్రకృతి ప్రవర్తిస్తుందని నిజంగా నమ్ముతున్నావా? ఎవరూ నమ్మరు. ఆ గీత గీసినవాళ్ళూ నమ్మరు. ఏళ్ళ తరబడి పెరిగే గెలాక్సీ బరువుకి, తన లోపల ఒక మూల పేలే మరుగుజ్జుతో నేరుగా ఏం సంబంధం? బరువు అసలు కారణం కాదు, అసలు కారణానికి ఆనవాలు. జ్వరం కారణం కాదు, జబ్బుకి గుర్తు అన్నట్టు.

మరి జబ్బేంటి? ముగ్గురు అనుమానితులున్నారు.

ఒకటి, వయసు. చిన్న గెలాక్సీల్లో నక్షత్రాలు ఇంకా పుడుతూ ఉంటాయి, కాబట్టి అక్కడ కుర్ర మరుగుజ్జులు పేలతాయి. పెద్దవాటిలో ముసలివి. మికయెల్ రిగో బృందం 2013లోనూ 2020లోనూ గెలాక్సీ మొత్తాన్ని కాకుండా, సూపర్నోవా పేలిన చుట్టుపక్కల నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతున్నాయో కొలిచింది. 2020 లెక్కలో తేడా 0.16 మాగ్నిట్యూడ్ వచ్చింది. బరువుతో తీసిన తరుగుకి రెట్టింపు పైనే. ఊరిని చూసి తరుగు తీయడం మానేసి, పొలం దగ్గరకెళ్ళి చూడటం అన్నమాట.

రెండు, నక్షత్రంలో ఉన్న లోహాల పాలు. హీలియం కన్నా బరువైన వాటన్నిటినీ ఖగోళం వాళ్ళు లోహాలే అంటారు. అవి ఎక్కువుంటే నికెల్-56 తయారీ తగ్గుతుందని 2003లోనే లెక్క కట్టారు. పెద్ద గెలాక్సీల్లో ఆ లోహాలు ఎక్కువ.

మూడు, దుమ్ము. డిలన్ బ్రౌట్, డాన్ స్కోల్నిక్ 2021లో చెప్పింది ఇదే. సూపర్నోవాలది తప్పేం లేదు, వాటి ముందున్న దుమ్ము ఒక్కో రకం గెలాక్సీలో ఒక్కో రకం, మనం అన్నిటికీ ఒకే దుమ్ము లెక్క వేస్తున్నాం, అందుకే ఆ తేడా అని.

దుమ్ము ఎంత పని చేస్తుందో చూడాలంటే రెండు ప్రసిద్ధమైన సూపర్నోవాలున్నాయి. 2011 ఆగస్టులో ఎం101 గెలాక్సీలో పేలిన 2011ఎఫ్ఈ. దూరం సుమారు 2 కోట్ల కాంతి సంవత్సరాలు. 2014 జనవరిలో ఎం82 గెలాక్సీలో దొరికిన 2014జె. దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. “ఒకే బల్బు” సూత్రం ప్రకారం దగ్గరున్న 2014జె బాగా వెలుగ్గా కనిపించాలి కదా? కనిపించింది 2011ఎఫ్ఈ కన్నా మసగ్గా. ఎం82 నిండా దుమ్మే. ఆ దుమ్ము దాదాపు 2 మాగ్నిట్యూడ్ల వెలుగు మింగేసింది, అంటే ఆరోవంతే మిగిలింది. పైగా అది మన పాలపుంతలో ఉండే రకం దుమ్ము కాదు, రంగుని మార్చే తీరే వేరు. లడఖ్‌లో హాన్లే దగ్గరున్న మన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో మనవాళ్ళూ దీన్ని చూసి పరిశోధన పత్రం రాశారు. ఇంత చక్కటి ఉదాహరణ, అందులో మన టెలిస్కోపు పాలు కూడా ఉండగా, తెలుగు వ్యాసాల్లో ఇంకా బల్బు బొమ్మే!

ఇంతకీ ముగ్గురిలో దొంగెవరు? ఇంకా తేలలేదు. ఎందుకు తేలలేదంటే ముగ్గురూ ఒకే ఇంట్లో కాపురం ఉంటారు. బరువైన గెలాక్సీ అంటే ముసలిదీ అదే, లోహాలు ఎక్కువున్నదీ అదే, దుమ్ము తీరు వేరుగా ఉన్నదీ అదే. ఒకడిని పట్టుకుందామంటే మిగతా ఇద్దరూ వెంటొస్తారు.

“అయితే ఏంటి? కారణం ఏదైతేనేం, తేడా కొలిచి తీసేస్తున్నారుగా” అంటారేమో. ఇక్కడే జాగ్రత్తగా వినాలి. కారణం తెలియని తరుగు దగ్గరివాటికి పని చేసినంత మాత్రాన దూరపువాటికి పని చేస్తుందన్న హామీ లేదు. దూరంగా చూడటమంటే వెనకటి కాలంలోకి చూడటం. వెనకటి కాలంలో గెలాక్సీలు చిన్నవి, నక్షత్రాలు కుర్రవి, లోహాలు తక్కువ. కారణం వయసైతే కాలంతో పాటు తరుగూ మారాలి. కారణం దుమ్మైతే ఇంకో రకంగా మారాలి. గెలాక్సీ బరువు చూసి వేసే ఒకే అంకె ఈ రెండిటికీ సరిపోదు.

దీనికి తోడు ఇంకో తిరకాసు. పాత రోజుల్లో దగ్గరి సూపర్నోవాల్ని వెతికినవాళ్ళు పేరున్న పెద్ద పెద్ద గెలాక్సీలని ఎంచుకుని వాటి మీదే టెలిస్కోపు పెట్టేవాళ్ళు. దూరపువాటిని వెతికినవాళ్ళు మాత్రం ఆకాశం ముక్కని మొత్తంగా జల్లెడ పట్టేవాళ్ళు. అంటే దగ్గరి జాబితాలో పెద్ద గెలాక్సీలు, దూరపు జాబితాలో చిన్నాపెద్దా అన్నీ. ఒకే సాంబ మసూరి విత్తనమే అనుకోండి, కాలవ మొదట్లో ఉన్న పొలాల దిగుబడి ఒక చేత్తోనూ, సముద్రం పక్క శివారు చౌడు భూముల దిగుబడి ఇంకో చేత్తోనూ పట్టుకుని, విత్తనం గుణం కాలంతో మారిపోయిందని చెబితే మా ఊళ్ళో ఎవరైనా ఊరుకుంటారా? ముందు నేల సంగతి చూడవయ్యా అంటారు.

ఇప్పుడు ఫార్వర్డు వీరుల దగ్గరకొద్దాం. గెలాక్సీ ప్రభావం ఉంది కాబట్టి డార్క్ ఎనర్జీ అబద్ధమా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1998లో ఆడమ్ రీస్, బ్రయన్ ష్మిట్ల బృందమూ, 1999లో 42 దూరపు సూపర్నోవాలతో సాల్ పెర్ల్‌మట్టర్ బృందమూ చూసింది చిన్న తేడా కాదు. దూరపు సూపర్నోవాలు ఉండాల్సినదానికన్నా సుమారు నాలుగోవంతు మాగ్నిట్యూడ్ మసగ్గా ఉన్నాయి. దూరంలో 10 నుంచి 15 శాతం ఎక్కువ. 0.06 అనే తరుగు మొత్తాన్ని ఒకే వైపు తోసినా 0.25 కరిగిపోదు. పైగా ఆ తర్వాత సూపర్నోవాల మొహం చూడకుండానే, విశ్వపు తొలినాటి సూక్ష్మతరంగాల కాంతీ, గెలాక్సీలు ఆకాశంలో పరుచుకున్న తీరూ కలిపి చూసినా డార్క్ ఎనర్జీ లేకుండా లెక్క కుదరడం లేదు. ఇన్ని వైపుల నుంచి వచ్చిన సాక్ష్యాన్ని ఒక్క ఫార్వర్డుతో కొట్టేయడం కుదరదు.

ఇంకో సంగతి. కొరియా బృందం డార్క్ ఎనర్జీ లేదని అనలేదు. అది కాలంతో పాటు బలహీనపడుతోందని, మిగతావాళ్ళు అనుకుంటున్నదానికన్నా గట్టిగా అంటోంది. ఉన్నదే లేకపోతే బలహీనపడేది ఏంటి? “డార్క్ ఎనర్జీ తుస్సు” అని పంచినవాళ్ళు వాళ్ళ వాదన ఏంటో కనీసం సారాంశం కూడా చదవలేదన్నమాట.

అయిపోలేదు, ఇప్పుడు వీరాభిమానుల వంతు. “నోబెల్ వచ్చింది కాబట్టి ప్రశ్న ముగిసింది” అనే మహానుభావులారా, ముగిసిన ప్రశ్న వేరు, ఇవాళ్టి ప్రశ్న వేరు. డార్క్ ఎనర్జీ ఉందా అన్నది పాత ప్రశ్న. అది ఎప్పుడూ ఒకేలా ఉందా, మారుతోందా అన్నది ఇప్పటి ప్రశ్న. పాత ప్రశ్నకి నాలుగోవంతు మాగ్నిట్యూడ్ తేడా చూస్తే సరిపోయింది. ఇప్పటి ప్రశ్నకి 0.02, 0.04 లాంటి తేడాలు చూడాలి. అక్కడ 0.06 ఊరి తరుగు అంటే చీమ కాదు, ఏనుగు.

మచ్చుకు చూడండి. అరిజోనాలోని డెసి సర్వే 2025 మార్చిలో తమ గెలాక్సీల లెక్కల్ని సూపర్నోవా జాబితాలతో కలిపి, డార్క్ ఎనర్జీ మారుతున్నట్టుందని చెప్పింది. ఆ మాట ఎంత గట్టిదీ అంటే, పాంథియన్ ప్లస్ జాబితా కలిపితే 2.8 సిగ్మా, యూనియన్3 కలిపితే 3.8, డార్క్ ఎనర్జీ సర్వే ఐదేళ్ళ జాబితా కలిపితే 4.2. డెసి లెక్క ఒకటే, సూపర్నోవా జాబితా మారగానే నమ్మకం 2.8 నుంచి 4.2కి పోయింది! జార్జ్ ఎఫ్‌స్టాథియూ అయితే 2024లోనే, దగ్గరి సూపర్నోవాలకీ దూరపువాటికీ మధ్య రెండు జాబితాల్లో 0.04 మాగ్నిట్యూడ్ తేడా ఉందని వేలెత్తి చూపాడు. జాబితా తయారుచేసినవాళ్ళు దానికి తమ వివరణ ఇచ్చారు. ఆ తర్వాత 2025 నవంబరులో డార్క్ ఎనర్జీ సర్వే వాళ్ళే తమ కొలతల్ని మళ్ళీ సరిచూసుకుంటే 4.2 కాస్తా 3.2కి దిగింది. నాకు ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు. కాటా మళ్ళీ వేసి, కొత్త బరువు పలక మీద రాసి పెట్టారు. అలా రాసేవాళ్ళనే నమ్మాలి.

కొరియా వాళ్ళ లెక్క కూడా ఇదే కాటా మీద పెట్టాలి. వాళ్ళు సుమారు 300 గెలాక్సీల వయసులు కొలిచి, నక్షత్రం వయసు వంద కోట్ల ఏళ్ళు పెరిగితే సవరించిన వెలుగులో సుమారు 0.03 మాగ్నిట్యూడ్ తేడా వస్తోందన్నారు. సగం విశ్వం వయసు వెనక్కి వెళితే అది చిన్న తేడా కాదు. కానీ ఎదుటివాళ్ళ అభ్యంతరమూ చిన్నది కాదు. గెలాక్సీ సగటు వయసు వేరు, అందులో పేలిన మరుగుజ్జు వయసు వేరు. ఊరు ముసలిదైనంత మాత్రాన ఊళ్ళో పుట్టేవాళ్ళు ముసలివాళ్ళు కారు కదా. పైగా బరువుని బట్టి ఇప్పటికే తీస్తున్న తరుగులో ఈ వయసు తేడా కొంత కలిసిపోయే ఉంటుంది, మళ్ళీ తీస్తే ఒకే దానికి రెండుసార్లు తీసినట్టు. 2020లో ఇదే బృందం ఇలాంటి వాదనే చేసినప్పుడు బెంజమిన్ రోజ్, ఆయన సహచరులు అదే ఏడాది జవాబు రాశారు, వయసు తేడాని లెక్కలోకి తీసుకున్నా విస్తరణ వేగం పెరుగుతోందన్న మాట చెక్కుచెదరదని. ఇదీ కొట్లాట. రెండు పక్కలా లెక్కలున్నాయి, రెండు పక్కలా చదువుకున్నవాళ్ళున్నారు. చిలీలో వెరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి బొమ్మలు విడుదల చేసింది. పెద్దా చిన్నా అని గెలాక్సీల్ని ఎంచుకోకుండా ఆకాశాన్ని జల్లెడ పట్టే పని దానిది. ఇప్పటిదాకా వందలూ వేలల్లో ఉన్న జాబితాలు లక్షల్లోకి పోతాయి. లెక్క తేలేది అక్కడ, మన చుట్టాల గుంపులో కాదు.

“సామాన్యుడికి ఇవన్నీ ఎందుకండీ, బుర్ర తినడం కాకపోతే” అని సైన్సు రాసేవాళ్ళు తప్పించుకుంటారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. ఏ సామాన్యుడు? తేమ ఎంతో, తాలు ఎంతో, తరుగు ఎంతో నోటి లెక్కలో కట్టే రైతా? బంగారం కొట్టులో తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడిగే మా పిన్నా? సవరణ అంటే ఏంటో, సవరణలో మోసం ఎక్కడ దూరుతుందో వాళ్ళకి తెలిసినంత మీకు తెలీదు. అర్థం కాదని కాదు మీరు చెప్పనిది, “ఒకే బల్బు” అంటే గొప్పగా వినిపిస్తుంది, “సవరించిన, ఇంకా సవరిస్తున్న బల్బు” అంటే గొప్పగా వినిపించదు కాబట్టి.

కానీ గొప్పతనం అక్కడే ఉంది. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన మరుగుజ్జు వెలుగుని, దాని ముందున్న దుమ్మునీ, దాని ఊరి వయసునీ, మన అద్దం మురికినీ ఒక్కొక్కటిగా తీసేసి, ఇంకా ఇంత మిగిలింది, ఇది ఎందుకో మాకు తెలీదు అని అచ్చులో ఒప్పుకునే పద్ధతి గొప్పది. ఊరి తరుగు తీయడం తప్పు కాదు. కారణం దొరికేదాకా తీయక తప్పదు కూడా. కాటా దగ్గరున్నాయనకీ వీళ్ళకీ తేడా ఒక్కటే. ఆయన కారణం అడిగితే విసుక్కున్నాడు. వీళ్ళు కారణం అడిగినవాడికి తమ జాబితా మొత్తం చేతికిచ్చి, నువ్వే వెతుక్కో అంటున్నారు. కొరియా వాళ్ళు వెతికిందీ అలా దొరికిన జాబితాలోనే. ఆ సంగతి దాచేసి, అన్నీ ఒకే బల్బులని చెబితే, వాళ్ళు చేసే పనిలో సగం గౌరవం మీరే తీసేసినట్టు.

కాబట్టి తెలుగులో సైన్సు రాసే పెద్దలకి నా మనవి, మనవి కాదు డిమాండే అనుకోండి: ఆ బల్బు వాక్యం కొట్టేసి, “కొన్ని సవరణలు చేస్తే ఒకే వెలుగుగా మార్చుకోగలిగిన పేలుళ్ళు” అని రాయండి. ఆ సవరణల్లో ఒకదానికి ఇంకా కారణం తెలీదని ఇంకో వాక్యం కలపండి. రెండు వాక్యాలు, అంతే.

చదివేవాళ్ళకి కూడా ఒక మాట. డార్క్ ఎనర్జీ పోయిందనో, వచ్చిందనో, మారిందనో రేపు ఇంకో వార్త వస్తుంది, తప్పకుండా వస్తుంది. దాన్ని పంచేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. తరుగు ఎంత తీశారు? దేన్ని కొలిచి తీశారు? దగ్గరివాటికీ దూరపువాటికీ ఒకేలా తీశారా? మూడిటికీ జవాబుంటే చదవండి. లేకపోతే ఆ ఫార్వర్డు కన్నా బస్తా తాలు నయం, కనీసం పశువులైనా తింటాయి.